కాలేయంలోంచి నెత్తురు కారితే...

ఆదివారం సాయంత్రం. పెద్దాయన కాఫీ తాగి, వరండాలో పేపరు పట్టుకుని కూచున్నారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. అరవై రెండేళ్లు. పెద్దపేగులో క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ చేయించుకుని అప్పటికి పది నెలలు. కాలేయంలోకి కూడా పాకిందని స్కానింగులో కనిపిస్తే మూడు వారాలకోసారి కీమోథెరపీ ఇస్తున్నారు. బాగానే తట్టుకుంటున్నారు. పొద్దున మార్కెట్టుకెళ్లి కూరలు కూడా తెచ్చారు.

గట్టిగా రెండుసార్లు దగ్గారు. అంతే! కుడి డొక్కలో కత్తితో పొడిచినట్టు నొప్పి. కాసేపటికి కుడి భుజం కూడా లాగడం మొదలెట్టింది. ఒళ్లంతా చెమటలు.

"గ్యాసేమోనండీ... వాము నీళ్లు కాచి ఇస్తాను, ఓ గుక్క తాగండి" అంది భార్య.

"కూరల సంచి మోసుకొచ్చారుగా, భుజం పట్టేసుంటుందమ్మా. కాస్త బామ్ రాద్దాం" అన్నాడు కొడుకు.

బాత్‌రూముకని లేచిన పెద్దాయన నిలబడగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. చెయ్యందించిన కోడలు ఉలిక్కిపడింది. "మావయ్యగారి చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయండీ. ఇది గ్యాసు కాదు" అంది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం సరైన మాట అన్నది ఆ అమ్మాయి ఒక్కతే. వాము నీళ్లు కాగేలోపే 108కి ఫోన్ చేశారు.

టౌన్లో ఆసుపత్రికి వెళ్లేసరికి బీపీ పై అంకె 80. నాడి నిమిషానికి 124. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పొట్టకి అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే లోపలంతా ద్రవం. సన్నటి సూదితో కొద్దిగా లాగి చూస్తే... నీరు కాదు, నెత్తురు!

కాలేయంలో ఉన్న క్యాన్సర్ గడ్డ ఒకటి పైపొర చిట్లి, పొట్టలోకి రక్తం కారుతోందన్నమాట.

ఇది చాలా అరుదు. కాలేయానికి క్యాన్సర్ పాకిన వాళ్లందరూ ఇది చదివి హడలిపోవలసిన పని లేదు. నూటికి తొంభై తొమ్మిది మందికి ఇలాంటిది ఎదురవకపోవచ్చు. కానీ ఎదురైనప్పుడు మాత్రం గంటలు లెక్కలోకి వస్తాయి. అందుకే ఇంట్లో కనీసం ఒక్కరికైనా దీని సంగతి తెలిసుండాలి.

పాకడం వేరు, పుట్టడం వేరు

"లివర్ క్యాన్సర్" అని మనం ఒకే మాట అనేస్తాంగానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి కాలేయంలోనే పుట్టేది. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్లో, తాగుడు వల్లో కాలేయం గట్టిపడిపోయిన వాళ్లలో ఎక్కువగా వస్తుంది. రెండోది వేరేచోట పుట్టి, రక్తంలో కొట్టుకొచ్చి కాలేయంలో గూడు కట్టుకునేది. పెద్దపేగు, జీర్ణాశయం, క్లోమం, రొమ్ము, ఊపిరితిత్తులు... వీటిలో పుట్టినవి ఎక్కువగా ఇలా వస్తాయి. పేగుల్లోంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికే చేరుతుంది కాబట్టి, పేగు క్యాన్సర్ కణాలకి అది మొదటి మజిలీ.

కాలేయంలోనే పుట్టిన గడ్డ చిట్లి రక్తం కారడం ఆసియా దేశాల డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. ఆ గడ్డలు మెత్తగా ఉంటాయి. వాటినిండా రక్తనాళాలే. వేరేచోటి నుంచి వచ్చిన గడ్డలు అలా కావు. చాలామటుకు గట్టిగా, పీచుపీచుగా ఉంటాయి. రక్తనాళాలు కూడా తక్కువ. కాలేయం మీద బుడిపెలా పొడుచుకు రావడానికి బదులు మధ్యలో కాస్త లోపలికి గుంట పడినట్టు ఉంటాయి. అందుకే అంత తేలిగ్గా చిట్లవు.

మరి ఎప్పుడు చిట్లుతాయి? గడ్డ త్వరత్వరగా పెరిగిపోయి, దాని నడిమధ్యకి రక్తం అందక కుళ్లినప్పుడు. సరిగ్గా కాలేయం అంచున, పైపొర కిందే ఉన్నప్పుడు. లేదా అసలు పుట్టుకతోనే రక్తనాళాలు దట్టంగా ఉండే రకం క్యాన్సర్ అయినప్పుడు. మూత్రపిండాల్లో పుట్టినవి, పుట్టుమచ్చల క్యాన్సర్ అనే మెలనోమా, రక్తనాళాల గోడల్లో పుట్టే యాంజియోసార్కోమా ఈ చివరి కోవలోకి వస్తాయి. అలాంటప్పుడు దగ్గు, తుమ్ము, మలబద్ధకంతో ముక్కడం, చిన్న దెబ్బ... ఏదైనా చాలు. ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

కాలేయంలోకి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వస్తూపోతూ ఉంటుంది. మనిషి ఒంట్లో ఉన్నదే ఐదు లీటర్లు. అలాంటి అవయవానికి కన్నం పడితే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా!

పొట్ట గుట్టు విప్పదు

వేలు తెగితే రక్తం కనిపిస్తుంది. పొట్టలో కారితే పైకి ఏమీ కనిపించదు. లీటరు రక్తం పోగైనా పొట్ట పెద్దగా ఉబ్బినట్టు తెలియకపోవచ్చు. అందుకే ఇక్కడ నొప్పి కన్నా మిగతా గుర్తులు ముఖ్యం. నిలబడితే కళ్లు తిరగడం, చేతులూ పాదాలూ చల్లబడటం, చెమట, దాహం, గుండె దడ, మొహం పాలిపోవడం, మూత్రం తగ్గిపోవడం... ఇవన్నీ ఒంట్లో రక్తం తరిగిపోతోందని చెప్పే మాటలే.

మరి భుజం నొప్పి ఎందుకొచ్చింది? కాలేయం పైన గొడుగులా ఉండే డయాఫ్రం అనే కండరానికీ, భుజం మీది చర్మానికీ నరాలు మెడ దగ్గర ఒకే చోటి నుంచి బయల్దేరతాయి. డయాఫ్రం కింద రక్తం చేరి ఒరుసుకుంటే, మెదడు అది భుజం నొప్పి అనుకుంటుంది. కొడుకు బామ్ రాద్దామనడంలో అతని తప్పేమీ లేదు. మెదడే పొరపాటు పడుతుంటే మనమెంత!

ఇంకో సంగతి కూడా చాలామందిని మోసం చేస్తుంది. ఆ రాత్రి పెద్దాయన హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. అంతకు వారం ముందు కీమోథెరపీకి వెళ్లినప్పుడూ దాదాపు అంతే. "బ్లడ్ తగ్గలేదుగా డాక్టర్‌గారూ, మరి రక్తం పోతోందంటారేంటి?" అన్నాడు కొడుకు. మంచి ప్రశ్నే. చిక్కటి పాలగిన్నెలోంచి సగం పాలు ఒంపేస్తే మిగిలిన పాలు పలచబడవు కదా! చిక్కదనం అంతే ఉంటుంది, పాలే తక్కువవుతాయి. తరవాత నీళ్లు చేరితేనే పలచబడతాయి. రక్తమూ అంతే. సెలైన్లు ఎక్కాక, ఒంట్లో నీరు రక్తనాళాల్లోకి చేరాక హిమోగ్లోబిన్ పడిపోతుంది. పెద్దాయనకి తెల్లవారుజామున మళ్లీ చూస్తే 6.8. కాబట్టి మొదటి రిపోర్టు చూసి ఊపిరి పీల్చుకోకూడదు. బీపీ, నాడి ఏం చెబుతున్నాయో అదే నిజం.

నల్లటి విరేచనం, పచ్చటి కళ్లు

కాలేయంలో గడ్డ చిట్లితే రక్తం ఎప్పుడూ పొట్టలోకే పోవాలని లేదు. పక్కనే పైత్యరసం పారే సన్నటి గొట్టాలుంటాయి. గడ్డ రక్తనాళాన్నీ, ఆ గొట్టాన్నీ కలిపి తొలిచేస్తే రక్తం పైత్యరసంతో కలిసి చిన్నపేగులోకి దిగుతుంది. దీన్ని హీమోబీలియా అంటారు. అరుదైన వాటిలో ఇది మరీ అరుదు.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1654లో ఇంగ్లండు డాక్టరు ఫ్రాన్సిస్ గ్లిసన్ కాలేయం గురించి రాసిన గ్రంథంలో ఒక యువకుడి సంగతి ఉంటుంది. ద్వంద్వ యుద్ధంలో కత్తి కాలేయంలో దిగింది. కొన్నాళ్లకి రక్తం కక్కుకుని, విరేచనంలో రక్తం పోయి చనిపోయాడు. కాలేయానికి గాయమైతే రక్తం పేగులోకి ఎలా వచ్చిందన్నది ఆ రోజుల్లో పెద్ద చిక్కుముడి. 1871లో జర్మన్ డాక్టరు హైన్రిక్ క్వింకే మూడు లక్షణాలు కలిపి చెప్పాడు: కుడి డొక్కలో తెరలు తెరలుగా నొప్పి, పచ్చకామెర్లు, రక్తపు వాంతి లేదా నల్లటి విరేచనం. ఈ మూడూ కలిస్తే పైత్యరస నాళంలోకి రక్తం కారుతోందని అనుమానించమన్నాడు. 1948లో స్వీడన్ సర్జన్ ఫిలిప్ శాండ్‌బ్లోమ్ దానికి హీమోబీలియా అని పేరు పెట్టాడు. మూడూ ఒకేసారి అందరిలో కనిపించవు. రక్తం గడ్డకట్టి గొట్టానికి బిరడాలా అడ్డం పడితే కామెర్లు, నొప్పి వస్తాయి. ఆ బిరడా ఊడి కిందికి పోతే నొప్పి తగ్గి, మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. "నొప్పి తగ్గింది, గండం గడిచింది" అనుకునేది సరిగ్గా అప్పుడే!

ఈ రోజుల్లో హీమోబీలియాకి ఎక్కువ కారణం కత్తులూ కాదు, క్యాన్సర్ గడ్డలూ కాదు. కాలేయంలోంచి ముక్క తీసే బయాప్సీ, పైత్యరసం పోవడానికి చర్మంలోంచి గొట్టం వెయ్యడం లాంటి చికిత్సలే. అలాగని అవి మానెయ్యమని కాదు. చేయించుకున్న తరవాత రెండు మూడు వారాలు విరేచనం రంగు గమనించుకోమని.

నల్ల విరేచనం అనగానే ఒక అనుమానం వస్తుంది. రక్తహీనతకి వాడే ఐరన్ మాత్రలతోనూ నల్లగానే అవుతుంది కదా? అవును. కానీ అది గట్టిగా, కాస్త ఆకుపచ్చ కలిసిన నలుపులో ఉంటుంది. రక్తం పోతే రోడ్డు మీద పోసే తారులాగా జిగటగా, మెరుస్తూ ఉంటుంది. నీళ్లు పోసినా ఒక పట్టాన వదలదు. వాసన భరించలేనట్టు ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు.

గడ్డ కాదు, పక్కవాళ్లు

క్యాన్సర్ ఉన్నంత మాత్రాన ప్రతి రక్తస్రావానికీ గడ్డే కారణం అనుకోకూడదు. నయం చెయ్యగలిగిన వేరే కారణాన్ని వదిలేసి "క్యాన్సర్ కదా, ఇంతే" అని చేతులు ముడుచుకోవడం కన్నా అన్యాయం ఇంకోటి లేదు.

ఉదాహరణకి విటమిన్ కె. రక్తం గడ్డకట్టించే నాలుగు ముఖ్యమైన పదార్థాలు కాలేయంలో తయారవడానికి ఇది కావాలి. 1929 ప్రాంతంలో డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, కొవ్వు లేని మేత వేసిన కోడిపిల్లలకి ఒళ్లంతా రక్తం కమ్మడం చూసి దీని జాడ పట్టాడు. గడ్డకట్టడాన్ని వాళ్ల భాషలో "కోయాగులేషన్" అని కె అక్షరంతో రాస్తారు. ఆ పేరే విటమిన్‌కి వచ్చింది. 1943లో నోబెల్ బహుమతీ వచ్చింది. ఈ విటమిన్ ఒంటికి పట్టాలంటే పేగులోకి పైత్యరసం రావాలి. గడ్డ అడ్డుపడి పైత్యరసం ఆగిపోయిన మనిషికి కామెర్లు కనిపిస్తాయి, విటమిన్ కె లోపం మాత్రం కనిపించదు. చిగుళ్లలోంచి రక్తం, సూది గుచ్చిన చోట కమిలిపోవడం... ఇలా బయటపడుతుంది. కొద్దిపాటి ఖర్చుతో అయ్యే ఇంజెక్షన్‌తో, కాలేయం ఇంకా పనిచేస్తూ ఉంటే, ఒక రోజులోపే తేడా తెలుస్తుంది. ఇలాంటి మనిషికి కామెర్లని చెప్పి పసరు పోయించి నెలరోజులు ఇంట్లో పెట్టుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పత్యం పేరుతో ఉప్పూకారం, నూనె మానిపించి మనిషిని మరింత నీరసపెడతారు. అడ్డు అలాగే ఉంటుంది.

ఇంకో కారణం మందులు. క్యాన్సర్ ఉన్నవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డలు కట్టడం మామూలే. అందుకని రక్తాన్ని పలచబరిచే మందులు ఇస్తారు. గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్లు ముందునుంచే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. దానికి తోడు కీమోథెరపీ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైగా నడుం నొప్పికో, మోకాళ్లకో మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటారు. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే. నలుగురూ కలిస్తేనే ప్రమాదం. 2004 నుంచి పెద్దపేగు క్యాన్సర్‌కి వాడుకలోకి వచ్చిన బెవాసిజుమాబ్ సంగతీ చెప్పుకోవాలి. గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుంది. మంచి మందే. కానీ రక్తస్రావం దాని తెలిసిన దుష్ఫలితాల్లో ఒకటి. ఆపరేషన్ అయ్యాక కనీసం నాలుగు వారాలు గడిస్తే గానీ డాక్టర్లు దాన్ని ఇవ్వరు. ఆ మందు మీద ఉన్నవాళ్లు పన్ను పీకించుకోవాలన్నా ముందు క్యాన్సర్ డాక్టర్ని అడగాలి.

మూడో కారణం కాస్త చిత్రమైంది. రొమ్ము క్యాన్సర్ కాలేయానికి పాకినప్పుడు కీమోథెరపీతో గడ్డలు ముడుచుకుపోతాయి. ఆ ముడతలతో కాలేయం మొత్తం గట్టిపడి, జీవితంలో చుక్క మందు ముట్టని ఆడమనిషికి తాగుబోతు కాలేయంలాంటి రూపం వచ్చేస్తుంది. అప్పుడు పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ఆహారనాళం చివర సిరలు ఉబ్బుతాయి. అవి పగిలితే బకెట్లో పట్టినట్టు రక్తపు వాంతి! పెద్దపేగు క్యాన్సర్‌కి వాడే ఆక్సాలిప్లాటిన్ కూడా కాలేయంలోని అతి సన్నని రక్తపు దారుల్ని దెబ్బతీసి కొందరిలో ఇలాంటి పరిస్థితే తెస్తుంది. చూసేవాళ్లకి "క్యాన్సర్ పగిలింది" అనిపిస్తుంది. ఎండోస్కోపీతో చూసి ఆ సిరలకి రబ్బరు బ్యాండ్లు వేస్తే ఆగిపోతుంది. చూడకపోతే ఎవరికీ తెలియదు.

ఆరిపోని ఆశ

కాలేయంలో గడ్డలు, వాటిలోంచి రక్తం... ఇక అంతా అయిపోయిందనిపించే ఈ స్థితిలోనూ పూర్తిగా నయమయ్యే జబ్బు ఒకటుంది. కోరియోకార్సినోమా. గర్భంలో మాయ కణాల నుంచి పుడుతుంది. ముత్యాల గర్భం తరవాతే కాదు, గర్భస్రావం, మామూలు కాన్పుల తరవాత కూడా రావచ్చు. రక్తనాళాల్ని తొలుచుకుపోవడం ఈ కణాల స్వభావం. అందుకే ఎక్కడికి పాకినా అక్కడ నెత్తురే. తెలియక సూదితో బయాప్సీ చేస్తే ఆ కన్నంలోంచే విపరీతంగా రక్తం పోయే ప్రమాదం ఉంది.

1956లో అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్ ఇచ్చి అప్పటిదాకా ఎవరూ చూడని ఫలితం చూశారు. ఒళ్లంతా పాకిన గట్టి గడ్డలు మందుతో మాయమయ్యాయి! స్కానింగులో గడ్డ కనిపించకపోయినా రక్తంలో హెచ్‌సీజీ హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. కనిపించని జబ్బుకి మందేమిటని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తరవాత లెక్క తేలింది ఆయనదే. ఆయన మాట ప్రకారం మందు కొనసాగించినవాళ్లకి జబ్బు తిరగబెట్టలేదు. 1972లో లాస్కర్ అవార్డు ఇచ్చారు. అప్పటికి ఉద్యోగం తిరిగొస్తుందా, పాడా!

ఈనాటికీ ఈ కథలో పనికొచ్చే మాట ఒకటుంది. కాన్పు వయసు ఆడవాళ్లలో కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం కారే గడ్డలు కనిపిస్తే, సూది గుచ్చడానికి ముందు గర్భ పరీక్షకి చేసే మామూలు హెచ్‌సీజీ రక్త పరీక్ష చేయించాలి. కాలేయానికి పాకిన కోరియోకార్సినోమా తేలికైంది కాదు, గట్టి చికిత్స కావాలి. అయినా కోలుకుని పిల్లల్ని పెంచుకుంటున్న తల్లులున్నారు.

గజ్జల్లోంచి కాలేయానికి

మన పెద్దాయన దగ్గరికి వద్దాం. టౌన్లో రెండు సీసాల రక్తం ఎక్కించి, సెలైన్లు పెట్టి, విటమిన్ కె ఇచ్చి, రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ రంగు మందు ఎక్కించి సీటీ తీస్తే, కాలేయం కుడిభాగం అంచున గడ్డలోంచి రంగు చిన్న పొగలా బయటికి పోతూ కనిపించింది. ఇంకా కారుతోందన్నమాట.

పాత రోజుల్లోనైతే పొట్ట కోసి, కాలేయం చుట్టూ గుడ్డలు కుక్కి, రక్తం ఆగేదాకా చూసేవారు. ఇప్పుడు ముందు ఎంబోలైజేషన్ ఆలోచిస్తారు. కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ముప్పాతిక వంతు పోర్టల్ సిర నుంచి, పాతిక వంతు హెపాటిక్ ధమని నుంచి. మంచి కాలేయం రెండింటి మీదా బతుకుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపు పూర్తిగా ధమని మీదే ఆధారపడుతుంది. కాబట్టి గడ్డకి వెళ్లే ధమని కొమ్మని మూసేస్తే గడ్డ ఎండుతుంది, రక్తం ఆగుతుంది, కాలేయం బతుకుతుంది.

దీనికి పొట్ట కోయక్కర్లేదు. గజ్జల్లోనో, మణికట్టులోనో ధమనిలోకి సూది గుచ్చి, అందులోంచి సన్నటి తీగ, తీగ మీదుగా సేమ్యా అంత గొట్టం పంపిస్తారు. ఈ కిటుకు 1953లో స్వీడన్ రేడియాలజిస్టు స్వెన్ ఇవార్ సెల్డింగర్ కనిపెట్టాడు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గొట్టాన్ని కాలేయం దాకా నడిపించి, కారుతున్న కొమ్మలోకి జెలటిన్ నురుగు ముక్కలో, సన్నటి లోహపు చుట్టలో వదులుతారు. మత్తు కూడా ఆ చోటుకే. తరవాత మూడు నాలుగు రోజులు జ్వరం, నొప్పి, వాంతులు ఉండొచ్చు. గడ్డ చచ్చిపోతున్నప్పుడు వచ్చే బాధ అది. చీము పట్టిందేమోనని కంగారు పడతారు గానీ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

అందరికీ చెయ్యొచ్చా? లేదు. పోర్టల్ సిర అప్పటికే గడ్డతో మూసుకుపోయి ఉంటే, మిగిలిన ఒక్క దారినీ మూసేస్తే కాలేయం మొత్తం చచ్చిపోతుంది. కామెర్లు బాగా ముదిరినా, కాలేయం అప్పటికే చేతులెత్తేసినా ఇది మేలు కన్నా కీడే ఎక్కువ. ఈ లెక్క డాక్టరు వేసి చెప్పాలి. ఇంటివాళ్లు అడగాలి. "ఎంబోలైజేషన్ ఇక్కడ చేస్తారా, లేకపోతే ఎక్కడ చేస్తారు?" అన్నది ఆ రాత్రి అడగవలసిన మొదటి ప్రశ్న. స్కానింగు మిషను ప్రతి టౌన్లోనూ ఉంటుంది. ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉండడు. మూడు ఆసుపత్రులు తిరిగి నాలుగోచోటికి చేరే కన్నా, ఫోన్ చేసి నేరుగా అక్కడికే వెళ్లడం నయం.

రక్తం ఆగడానికని మెడికల్ షాపులో ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు కొనేసి వెయ్యడం ఇంకో అలవాటు. పేగుల్లో రక్తస్రావానికి ఈ మందు పెద్ద మోతాదులో ఇస్తే మరణాలు తగ్గుతాయేమోనని సుమారు 12 వేల మంది మీద పరీక్షించి 2020లో ఫలితాలు వెల్లడించారు. తగ్గలేదు. పైగా సిరల్లో రక్తం గడ్డలు కాస్త ఎక్కువయ్యాయి. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు వాడతారు. అది వాళ్లకి వదిలెయ్యాలి.

రెండోసారి

పెద్దాయన పదకొండో రోజున ఇంటికొచ్చారు. నెల తరవాత కీమోథెరపీ, ఈసారి బెవాసిజుమాబ్ లేకుండా, మళ్లీ మొదలైంది. దసరాకి మనవరాలిని పక్కన కూచోబెట్టుకుని బొమ్మల కొలువు మెట్లు సర్దారు. సంక్రాంతి వెళ్లింది.

మార్చిలో కళ్లు పచ్చబడ్డాయి. స్కానింగులో పోర్టల్ సిర మూసుకుపోయింది. గడ్డలు పెరిగాయి. డాక్టరు కొడుకుని, కోడలిని లోపలికి పిలిచి, పెద్దాయన్ని కూడా పిలిచారు. "మళ్లీ రక్తం కారొచ్చు. కారకపోనూవచ్చు. కారితే ఈసారి ఆ పద్ధతి పనికిరాదు" అన్నారు.

"ఐసీయూలో పెడితే?" అన్నాడు కొడుకు.

"రోజులు పెరుగుతాయేమో గానీ, ఆయన అక్కడ ఒంటరిగా ఉంటారు."

పెద్దాయన కాసేపు ఊరుకుని, "నన్నిక తిప్పకురా. మనింట్లో ఉంటాను" అన్నారు.

ఇలాంటి మాట వినడం పిల్లలకి కష్టం. "నలుగురూ ఏమనుకుంటారు, తండ్రికి వైద్యం చేయించలేదంటారేమో" అన్న భయం ఒకటి. దానికోసం ఇల్లు అమ్మినవాళ్లున్నారు. కానీ ఇంట్లో ఉంచుకోవడమంటే వదిలెయ్యడం కాదు. పాలియేటివ్ కేర్ అని ప్రత్యేకమైన వైద్యం ఉంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, తెలంగాణలో పలు జిల్లాల్లో కేంద్రాలున్నాయి, ఆంధ్రలోనూ క్యాన్సర్ వైద్యం చేసే చోట అడిగితే చెబుతారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. 2014లో చట్టం సవరించాక అనుమతి ఉన్న ఆసుపత్రులకి ఆ మందు తెప్పించుకోవడం తేలికైంది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడితే మార్ఫిన్ అలవాటుగా మారుతుందన్న భయం అక్కర్లేదు.

రక్తస్రావం వచ్చే అవకాశం ఉన్నవాళ్ల ఇంటికి ఆ నర్సులు కొన్ని జాగ్రత్తలు చెబుతారు. ముదురు రంగు తువ్వాళ్లు, దుప్పట్లు దగ్గర పెట్టుకోమంటారు. మెరూన్, ముదురాకుపచ్చ ఇలాంటివి. తెల్లగుడ్డ మీద గ్లాసుడు రక్తం బిందెడంత కనిపిస్తుంది. రోగికీ, చూసేవాళ్లకీ భయం రెట్టింపవుతుంది. వాంతయితే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. మత్తు ఇంజెక్షనో, నాలుక కింద వేసే మందో ముందే ఇచ్చి, ఎప్పుడు వాడాలో నేర్పుతారు. ఏ గంటకైనా ఫోన్ చెయ్యడానికి ఒక నంబరు ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, అలాంటప్పుడు ఎవరో ఒకరు పక్కన కూచుని చెయ్యి పట్టుకుని ఉండాలి. మందు కోసం, ఆటో కోసం అందరూ పరిగెత్తి మనిషిని ఒంటరిగా వదలకూడదు.

కోడలు నాలుగు మెరూన్ తువ్వాళ్లు కొనుక్కొచ్చి మంచం పక్క స్టూలు మీద మడిచి పెట్టింది. భార్య రాత్రిళ్లు అక్కడే చాప వేసుకుని పడుకునేది. పెద్దాయన పొద్దున పూట పేపరు చదివించుకునేవారు. మాట్లాడే ఓపిక తగ్గాక కూడా మనవరాలు వచ్చి బడిలో సంగతులు చెబుతుంటే వింటూ ఉండేవారు. ఉగాది అయిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున, నిద్రలోనే వెళ్లిపోయారు. నెత్తురు మళ్లీ కారలేదు.